పేగు కొంత తీసేశాక లూజ్ మోషన్స్ ఆగట్లేదు, ఇంక ఇంతేనా?

గోదారిగట్టు:
అందరికీ నమస్తే. నాకు 34, రాజమండ్రి, బ్యాంకులో పని. పేగు టీబీ వల్ల చిన్నపేగు చివర సన్నబడి మూసుకుపోతే మొన్న వేసవిలో ఆపరేషన్ చేశారు. చిన్నపేగు చివరి ముక్క, పెద్దపేగు మొదటి ముక్క తీసేసి మిగతావి కలిపి కుట్టేశారు. బ్యాగ్ పెట్టలేదు. కుట్లు బాగానే మానాయి, టీబీ మందులు నడుస్తున్నాయి. గొడవల్లా మోషన్స్‌తోనే. రోజుకి ఏడెనిమిది సార్లు, నీళ్ళలాగా, పసుపుపచ్చగా, పోయిన చోటల్లా మంట. ఏదన్నా తిన్నానంటే అరగంటలో పరుగే. కౌంటర్లో కస్టమర్ ఎదురుగా కూర్చుని ఉంటాడు, నేను ఒక్క నిమిషం సార్ అని లేచిపోతాను, వచ్చేసరికి లైన్ గుమ్మం దాకా ఉంటుంది. మేనేజరు మంచోడు కాబట్టి సరిపోయింది. డాక్టర్ గారేమో పేగు సర్దుకుంటుంది, టైం పడుతుంది అన్నారు. అమ్మేమో పథ్యం అని బీరకాయ, పొట్లకాయ తప్ప ఏమీ పెట్టట్లేదు, పప్పు తింటే కుట్లు చీము పడతాయంట. 71 కిలోలున్నవాణ్ణి 58కి వచ్చా. ఇలా ఎవరికన్నా అయిందా? తగ్గిందా అసలు?

కరీంనగర్_కాక:
తమ్మీ ముందుగాల పరేషాన్ కాకు. నాది రెక్టమ్ క్యాన్సర్, కింది భాగం తీసేసిన్రు, కొన్ని నెలలు పొట్ట మీద బ్యాగ్ పెట్టి తర్వాత లోపలికి కలిపిన్రు. బ్యాగ్ తీసినంక పండుగ చేసుకున్నం ఇంట్ల, తెల్లారి నుంచి అసలు పండుగ షురూ అయింది. పొద్దున ఆరింటికి పోతే ఎనిమిది దాకా అదే పని, లేచి లుంగీ కట్టుకుంట మళ్ళ పోవుడే. తర్వాత సాయంత్రం దాకా ఏం ఉండది. ఒక్కోరోజు ఏం పోనే పోదు. ఇసబ్‌గోల్ పొట్టు రోజూ ఒక చెంచా పెట్టుకున్నంక నాకు మస్తు తేడా వచ్చింది. నువ్వు గూడ చూడు.

ప్రకృతి_బిడ్డ:
ఇంగ్లీషు మందులు మానేసి పొద్దున్నే పరగడుపున జీలకర్ర, వాము, మెంతులు కలిపిన కషాయం తాగండి, 21 రోజుల్లో పేగులు కొత్తగా తయారవుతాయి. నా దగ్గర పొడి ఉంది, కావాలంటే

మందులషాపు_మావయ్య:
ప్రకృతి గారూ, టీబీ మందులు వాడుతున్న మనిషితో మందులు మానెయ్ అంటున్నారు, అదెంత పెద్ద మాటో తెలుసా? టీబీ కోర్సు మధ్యలో ఆపితే మందులకి లొంగని టీబీ తయారవుతుంది. కోసి తీసేసిన పేగు మళ్ళీ మొలవదు, కషాయానికైనా, నాకైనా. పొడి అమ్మకం ఇక్కడ వద్దు.

గోదారిగట్టు గారూ, గుంటూరు దగ్గర ముప్ఫై ఏళ్ళుగా మెడికల్ షాపు నాది, డాక్టర్ని కాదు, అది మనసులో పెట్టుకుని చదవండి. ఒక్క ప్రశ్న. ఎంత తీశారు? ఎన్ని సెంటీమీటర్లు? చిన్నపేగు పెద్దపేగులో కలిసే చోట ఒక వాల్వ్ ఉంటుంది, అది ఉందా, పోయిందా? ఈ రెండూ తెలీకుండా ఇక్కడ ఎవరు ఏ సలహా ఇచ్చినా చీకట్లో రాయి విసరడమే. కాక గారిది పేగు చివర, మీది మధ్యలో. ఆయనకి పడ్డ మందు మీకు పడాలని లేదు.

గోదారిగట్టు:
ఎంత అనేది తెలీదు సార్. డిశ్చార్జ్ కాగితంలో రైట్ హెమికోలెక్టమీ అని మాత్రం ఉంది.

మందులషాపు_మావయ్య:
అయితే ఆ వాల్వ్ పోయినట్టే, పెద్దపేగు కుడివైపు భాగం తీసేసే ఆ ఆపరేషన్లో అది కూడా తీసేస్తారు. దానితో పాటు చిన్నపేగు చివరి భాగం, ఇలియం అంటారే, అది ఎంత పోయిందన్నదే అసలు లెక్క. లివర్ తయారు చేసే పైత్యరసంలోని ఆమ్లాలు కొవ్వు అరిగించే పని అయ్యాక 95 శాతం దాకా మళ్ళీ రక్తంలోకి ఎక్కేది ఆ ఇలియం చివరే. అది లేకపోతే అవి పెద్దపేగులోకి దిగిపోయి అక్కడ నీళ్ళు ఊరేలా చేస్తాయి. మీరు చెప్పిన పసుపుపచ్చ రంగు, మంట, తిన్న వెంటనే పరుగు, మూడూ దానికి సరిపోతున్నాయి. దీనికి కొలెస్టిరమిన్ అని ఒక పొడి ఉంది, పాత మందే, కొలెస్ట్రాల్‌కి కూడా వాడేవాళ్ళు, ఆ ఆమ్లాలని పట్టుకుని బయటికి పంపేస్తుంది. మీ డాక్టర్ గారిని పైత్యరసం వల్ల అయ్యుండొచ్చా అని సూటిగా అడగండి. చాలామంది అడగరు, లూజ్ మోషన్స్ అంటారు, ఆయన సర్దుకుంటుంది అంటాడు, అక్కడితో అయిపోతుంది.

డల్లాస్_దోసె:
+1 మావయ్య గారికి. నాకు క్రోన్స్, అంటే పేగులో వాపు, పుండ్లు వచ్చే దీర్ఘకాలిక జబ్బు, ఇలియం తీసేసి ఆరేళ్ళు దాటింది. ఆ పొడి నా జీవితాన్ని మార్చేసింది, కానీ ఒక తిరకాసు ఉంది. ఇలియం తక్కువ పోతేనే అది పని చేస్తుంది. వంద సెంటీమీటర్ల పైన పోయిందనుకోండి, లివర్ తయారు చేసే పైత్యరసం పోయినదానికి సరిపోక కొవ్వు అరగదు, మోషన్ జిడ్డుగా నీళ్ళ మీద తేలుతూ కంపు కొడుతుంది, అలాంటప్పుడు ఈ పొడి వేసుకుంటే ఇంకా ఎక్కువవుతుంది. అందుకే ఎంత పోయింది అనేది అంత ముఖ్యం.

ఇంకోటి. బి12. అది ఎక్కేది కూడా ఇలియం చివరే. లివర్‌లో నిల్వ ఉంటుంది కాబట్టి ఆపరేషన్ అయిన కొత్తలో టెస్ట్ చేస్తే నార్మల్ వస్తుంది, హమ్మయ్య అనుకుంటాం, రెండు మూడేళ్ళకి మెల్లిగా పడిపోతుంది. నాకు అరికాళ్ళలో సూదులు గుచ్చినట్టు తిమ్మిర్లు మొదలయ్యాయి, ఎక్కువ సేపు కూర్చోవడం వల్లేమోనని కుర్చీ మార్చా, చెప్పులు మార్చా, చివరికి బ్లడ్ టెస్ట్‌లో బయటపడింది. ఇప్పుడు ఇంజెక్షన్ పడుతూ ఉండాలి, బహుశా ఎప్పటికీ. ఏడాదికోసారైనా బి12 చూపించుకోండి ప్లీజ్.

గోదారిగట్టు:
ఇవేవీ నాకు ఎవరూ చెప్పలేదు అన్నా. డిశ్చార్జ్ రోజు మందుల చీటీ ఇచ్చి వారం తర్వాత కుట్లు విప్పించుకోవడానికి రమ్మన్నారు, అంతే.

సిస్టర్_విశాఖ:
నేను సర్జికల్ వార్డులో స్టాఫ్ నర్స్‌ని. మీ అమ్మగారికి నా మాటగా చెప్పండి, పప్పు తింటే చీము పట్టదు. చీము పట్టేది ఇన్ఫెక్షన్ వల్ల, షుగర్ కంట్రోల్లో లేకపోవడం వల్ల. కుట్లు మానాలంటే ప్రోటీన్ కావాలి, అది పప్పు, గుడ్డు, చేప, పెరుగులోనే ఉంది, పొట్లకాయలో లేదు. మా వార్డులో పేషెంటు పక్కన కూర్చుని గుడ్డు వద్దు వంకాయ వద్దు అనే అత్తగార్లతో రోజూ యుద్ధమే నాకు. పదమూడు కిలోలు తగ్గడం చిన్న విషయం కాదు బాబూ. టీబీ కూడా ఉంది కాబట్టి మీకు ఇంకా ఎక్కువ తిండి కావాలి. అన్నట్టు మీ పేరు టీబీ పేషెంట్ల ప్రభుత్వ రికార్డు నిక్షయ్‌లో ఎక్కించారా? ప్రైవేటులో ట్రీట్‌మెంట్ అయినా ఎక్కించాలి, పోషణ కోసం నెలకి వెయ్యి రూపాయలు అకౌంట్‌లో పడతాయి, 2024 నవంబర్ ముందు అయిదొందలే ఉండేది. దానితో గుడ్లు కొనుక్కోండి.

మెత్తగా ఉడికిన పప్పు పల్చగా మొదలుపెట్టండి. ఒకేసారి కంచం నిండా తినకుండా కొంచెం కొంచెం, ఎక్కువసార్లు. నూనె వేపుళ్ళు, పాలు కొన్నాళ్ళు పక్కన పెట్టి చూడండి, పెరుగు చాలామందికి పడుతుంది. షుగర్ ఫ్రీ బిళ్ళలు, చూయింగ్ గమ్ వద్దు, వాటిలో సార్బిటాల్ లాంటివి ఉంటాయి, అవే మోషన్స్ తెప్పిస్తాయి.

వాన_చినుకు:
నా ప్రశ్న వేరే త్రెడ్ పెట్టాలేమో కానీ ఇక్కడ తెలిసినవాళ్ళు ఉన్నారని అడుగుతున్నా. మా అమ్మకి 61, నెల్లూరు. గుండె లయ తప్పి రక్తం గడ్డ పేగు రక్తనాళంలో అడ్డుపడితే చిన్నపేగు చాలా వరకు నల్లబడిపోయింది, తీసేశారు. మిగిలింది మీటరు పైచిలుకు అని డాక్టర్ చెప్పారు, పెద్దపేగు ఉంది. ఎంత నీళ్ళు తాగితే అంత బయటికి పోతోంది, నోరు పిడచకట్టుకుపోతోంది అంటుంది, మళ్ళీ చెంబుడు నీళ్ళు తాగుతుంది, మళ్ళీ పోతుంది. కొబ్బరిబోండాలు రోజూ తెస్తున్నాం. నీరసం తగ్గట్లేదు.

సిస్టర్_విశాఖ:
వాన గారూ ఇది జాగ్రత్తగా చదవండి. పేగు అంత పొట్టిగా మిగిలినప్పుడు ఉత్త నీళ్ళు దాహం తీర్చవు, ఒంట్లోంచి ఉప్పుని లాక్కుని బయటికి పోతాయి. వినడానికి విచిత్రంగా ఉంటుంది, మా డ్యూటీలో కొత్తగా వచ్చిన పిల్లలు కూడా నమ్మరు. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఉంటుంది కానీ సోడియం చాలా తక్కువ, అమ్మగారికి కావాల్సింది సోడియం. ఉత్త నీళ్ళు, టీ, జ్యూసులు కొలతగా తగ్గించి ఓఆర్‌ఎస్ రోజంతా గుక్క గుక్కగా తాగించమంటారు ఇలాంటి కేసుల్లో. ఎంత అనేది మీ డాక్టర్ చెప్పాలి, గుండె సమస్య ఉంది కాబట్టి ఉప్పు లెక్క ఆయన్ని అడక్కుండా పెంచకండి. రోజూ మూత్రం ఎంత వస్తుందో ఒక మగ్గుతో కొలిచి రాసిపెట్టండి, లీటరు కన్నా బాగా తగ్గుతుంటే వెంటనే చెప్పాలి.

మందులషాపు_మావయ్య:
ఓఆర్‌ఎస్ కొనేటప్పుడు ప్యాకెట్ వెనక చదవండి. లీటరు నీళ్ళలో కలిపే పొడి ప్యాకెట్, డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసి ఉన్నది తీసుకోండి. టెట్రా ప్యాక్‌లో తియ్యగా ఉండేవి కాదు, అవి జ్యూసులే. వాటి మీద ఓఆర్‌ఎస్ అని రాయకూడదని మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడితే 2025 అక్టోబర్లో ఫుడ్ సేఫ్టీ వాళ్ళు ఆర్డర్ ఇచ్చారు. అయినా పాత సరుకు ఎక్కడన్నా ఉండొచ్చు. ప్యాకెట్ సగం ఈ గ్లాసులో, సగం ఆ గ్లాసులో కలపొద్దు, మొత్తం లీటరులో ఒకేసారి. అర్ధరాత్రి ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చిన్న టీ చెంచా, తల కొట్టి.

డల్లాస్_దోసె:
వాన గారూ, పెద్దపేగు ఉంది కాబట్టి కిడ్నీ రాళ్ళ గురించి కూడా అడగండి. కొవ్వు సరిగ్గా అరగనప్పుడు అది క్యాల్షియంని పట్టేసుకుంటుంది, ఆక్సలేట్ వదులైపోయి పెద్దపేగు నుంచి రక్తంలోకి ఎక్కుతుంది, కిడ్నీలో రాయి. పాలకూర, తోటకూర, గోంగూర, బీట్‌రూట్, చిలగడదుంప, బాదం జీడిపప్పు, చిక్కటి టీ, వీటిలో ఎక్కువ.

వాన_చినుకు:
గోంగూర కూడానా. ఈ ఇంట్లో ఈ మాట నేను చెప్పలేను, మీరే ఫోన్ చేసి చెప్పండి 😭

వాన_చినుకు:
జోక్స్ పక్కన పెడితే థాంక్స్ అందరికీ. రేపే అపాయింట్‌మెంట్ తీసుకుంటా. రక్తం పల్చబడే మందు కూడా వాడుతోంది, దాని బ్లడ్ టెస్ట్ ఒకసారి ఎక్కువ ఒకసారి తక్కువ వస్తోంది, దానికీ దీనికీ సంబంధం ఉందా అని కూడా అడుగుతా.

మందులషాపు_మావయ్య:
తప్పకుండా అడగండి. కొవ్వు ఎక్కకపోతే విటమిన్ ఏ, డి, ఇ, కె కూడా సరిగ్గా ఎక్కవు, ఆ కె తోనే మీ మందు లెక్క ముడిపడి ఉంటుంది.

కరీంనగర్_కాక:
అందరు పెద్ద పెద్ద ముచ్చట్లు చెప్తున్రు, నా ముచ్చట ఎవలు జెప్పరా? ఇసబ్‌గోల్‌తోని కొంత నయమైంది గానీ పొద్దటి ఆ రెండు గంటలు అట్లనే ఉన్నయి. గాలి వస్తుందా, మోషన్ వస్తుందా తెల్వది. మొన్న మనుమరాలి బారసాలకు పోయి వంకర మొకం పెట్టుకొని కూసున్న, అందరు నాకు కోపమొచ్చిందనుకున్నరు.

సిస్టర్_విశాఖ:
కాక గారూ, మీరు చెప్పేదానికి పేరుంది, లార్స్ అంటారు. రెక్టమ్ అనేది మోషన్‌ని నిల్వ ఉంచి, వచ్చింది గాలా మలమా అని చెప్పే జాగా. అది తీసేసి పైనుంచి పెద్దపేగుని కిందికి దించి కలిపారు, దానికి ఆ పని రాదు. రేడియేషన్ కూడా ఇచ్చి ఉంటే ఇంకా ఎక్కువ ఉంటుంది. అయిదు ప్రశ్నలతో ఒక స్కోరు వేస్తారు, మొత్తం 42, ముప్ఫై, ఆ పైన వస్తే ఎక్కువ ఇబ్బంది కింద లెక్క. ఆ ప్రశ్నల్లో మొదటిదే గాలి ఆపుకోగలరా అని. అంటే మీ ఒక్కరికే కాదు. మొదటి ఏడాది రెండేళ్ళలో కొంత తగ్గుతుంది. లోపెరమైడ్ అని మోషన్స్ తగ్గించే బిళ్ళ తిండికి అరగంట ముందు వేసుకునే పద్ధతి ఉంది, కింది కండరాలు బిగబట్టి వదిలే ఎక్సర్‌సైజ్ ఉంది, ఫిజియోథెరపీ వాళ్ళు నేర్పిస్తారు. ఇంకా తగ్గకపోతే పొద్దున్నే గోరువెచ్చటి నీళ్ళతో కింద నుంచి పేగు కడిగే పరికరం ఉంది, కానీ సర్జన్ చూసి కుట్టు గట్టిగా ఉందన్నాకే, సొంతంగా ఎనిమా డబ్బా పెట్టొద్దు.

కరీంనగర్_కాక:
పేరున్నదా దీనికి! మా డాక్టర్ సాబ్ క్యాన్సర్ పోయింది గదా ఇంకేం గావాలె అన్నడు. నిజమే, పోయింది, సంతోషమే. కానీ కరీంనగర్ నుంచి జేబీఎస్ బస్సు ఎక్కాల్నంటే నేను ముందురోజు రాత్రి నుంచి తినుడు బంద్ జేస్త. సిద్దిపేట బస్టాండ్ల ఆగుతది, అక్కడ దిగి పోయి వచ్చేలోపు బస్సు పోతదేమోనని కండక్టర్‌కు ముందే చెప్పి పెట్టుకుంట. కిటికీ పక్క సీటు ఎన్నడు కూసోను, నడవ పక్కనే, డోర్‌కు దగ్గర. సంచిల ఒక లుంగీ, ఒక డ్రాయర్, పాత న్యూస్‌పేపర్, ప్లాస్టిక్ కవర్లు రెండు, నీళ్ళ బాటిల్. కింద పుండు పడకుండ చిన్నపిల్లల డైపర్ క్రీమ్, జింక్ ఉన్నది, అది పూస్త. కడుక్కున్నంక గట్టిగ రుద్దద్దు, మెత్తటి పాత పంచె గుడ్డతోని అద్దాలె. ఇది ఏ డాక్టర్ చెప్పడు, నేను చెప్తున్న.

గోదారిగట్టు:
కాకా మీరు రాసిన సంచి లిస్టు చదివి నవ్వాలో ఏడవాలో తెలీలేదు, నా బ్యాంక్ బ్యాగ్‌లో కూడా అచ్చం అవే ఉన్నాయి, లుంగీ బదులు ప్యాంటు.

తేగలప్రియ:
నేను చాలా రోజుల నుంచి చదువుతున్నా, ఇవాళ రాస్తున్నా. మాది అనకాపల్లి వైపు. చిన్నప్పుడే పేగు మెలిపడి ఆపరేషన్ అయింది, ఇరవై ఏళ్ళు ఏ గొడవా లేదు, లూజ్ మోషన్ కూడా లేదు, ఆపరేషన్ సంగతే మర్చిపోయా. సంక్రాంతికి పుట్టింటికెళ్ళి తంపటి పెట్టిన తేగలు కబుర్లలో పడి వరసగా తినేశాను. మర్నాటికి పొట్ట మెలి తిప్పినట్టు నొప్పి, వస్తూ పోతూ, కుండలా ఉబ్బిపోయింది, గాలి కూడా పోలేదు, సాయంత్రానికి పచ్చటి వాంతులు. లోపల ఎప్పటి కుట్టు దగ్గరో పేగులు అతుక్కుని ఇరుకైందట, అక్కడ తేగ పీచు ముద్ద ఇరుక్కుంది. ముక్కులోంచి గొట్టం వేసి సెలైన్ పెట్టి కడుపు ఖాళీగా ఉంచారు, కోయకుండానే విడిపోయింది. గొట్టం వేసేటప్పుడు మింగండి మింగండి అంటారు, ఆ బాధ వర్ణించలేను. ఇప్పుడు తేగ, పనసతొన, మొక్కజొన్న, ఎండుకొబ్బరి, మునక్కాయ పీచు, నారింజ తొన పైన పొర, ఏదైనా సరే బాగా నమిలి పిప్పి ఊసేస్తా, లేదా మానేస్తా.

సిస్టర్_విశాఖ:
మీరు చెప్పిన నాలుగూ ఆపరేషన్ అయిన ప్రతి ఒక్కరూ గుర్తుంచుకోవాలి. వచ్చిపోయే నొప్పి, ఉబ్బు, వాంతి, గాలీ మోషనూ రెండూ ఆగిపోవడం. ఎన్నేళ్ళయినా రావచ్చు. ఇంట్లో ఆముదం పట్టడం, విరేచనం బిళ్ళ వేయడం వద్దు, క్యాజువాల్టీకి పోవాలి. నొప్పి వచ్చిపోవడం మానేసి ఒకటే నొప్పిగా మారినా, జ్వరం వచ్చినా అసలు ఆగొద్దు.

కరీంనగర్_కాక:
అంటే ఇసబ్‌గోల్ గూడ పీచే గదా, నేను బంద్ జేయాల్నా?

మందులషాపు_మావయ్య:
కాక గారూ మీకు ఎక్కడా ఇరుకు లేదని డాక్టర్ చూసి చెప్పి ఉంటే ఆపక్కర్లేదు, అది నీళ్ళు పట్టుకుని మోషన్‌ని గట్టిచేస్తుంది, మీకు కావాల్సింది అదే. నీళ్ళు సరిపడా తాగాలి అంతే. తేగలమ్మకి అది పడకపోవచ్చు. చెప్పాగా, ఎవరి పేగు వారిది.

పేరొద్దు:
ఇది అడగడానికి ఇక్కడ తప్ప చోటు లేదు. 26 అమ్మాయిని, విజయవాడ. క్రోన్స్ వల్ల రెండేళ్ళ క్రితం ఇలియం కొంత తీసేశారు. ఇప్పుడు బాగున్నా, ఉద్యోగం చేస్తున్నా. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, నాన్న అపెండిక్స్ ఆపరేషన్ అని చెప్దాం అంటున్నారు. మచ్చ బొడ్డు పై నుంచి కింద దాకా ఉంది, అపెండిక్స్‌కి అంత కోత ఎవరు నమ్ముతారు? పిల్లలు పుడతారా అని ఎవరన్నా అడిగితే ఏం చెప్పాలి?

డల్లాస్_దోసె:
చెల్లీ, నేను పెళ్ళికి ముందే చెప్పా. రెండు సంబంధాలు ఆ మాటతోనే పోయాయి, మూడో అమ్మాయి నువ్వు రోజూ వేసుకునే మందుల పేర్లు పంపు, చదువుకుంటా అంది. ఇప్పుడు మా ఆవిడ. ఇది అందరికీ ఇలాగే అవుతుందని కాదు. కానీ దాచి చేసుకుంటే ప్రతి రోజూ బాత్రూమ్ దగ్గర ఒక అబద్ధం చెప్పాలి, నాకైతే ఆ ఓపిక లేదు.

తేగలప్రియ:
మగవాళ్ళకి చెప్పడం తేలికండీ. అమ్మాయి చెప్తే ఊరంతా పాకుతుంది, ఆ తర్వాత చెల్లెలి సంబంధాలకి కూడా అడ్డం వస్తుంది. పెళ్ళిచూపుల్లో అందరి ముందూ కాకుండా, అబ్బాయి నచ్చాక అతనికొక్కడికే చెప్పు. మీ నాన్నగారి భయం కూడా ఊరికే వచ్చింది కాదు.

సిస్టర్_విశాఖ:
పిల్లల విషయం. మీలాంటి ఆపరేషన్ అయిన వాళ్ళు చాలామంది మామూలుగానే తల్లులయ్యారు. జబ్బు అదుపులో ఉన్నప్పుడు గర్భం దాల్చడం ముఖ్యం, అందుకే ముందే గ్యాస్ట్రో డాక్టర్‌కి చెప్పి ప్లాన్ చేసుకోండి, వాడే మందుల్లో ఏవి ఉంచాలో ఏవి మార్చాలో చూస్తారు. బి12, ఐరన్, ఫోలిక్ యాసిడ్ ముందునుంచే సరిచూసుకోవాలి. కాబోయే అత్తగారికి ఏం చెప్పాలో మాత్రం నాకు తెలీదమ్మా, మా ఇంట్లో నా జీతం ఎంతో కూడా మా అత్తగారికి చెప్పలేదు నేను.

పేరొద్దు:
😂 థాంక్స్ సిస్టర్. తేగలక్క చెప్పింది నచ్చింది. అపెండిక్స్ మాట మాత్రం నాన్నని అననివ్వను.

గోదారిగట్టు:
అప్‌డేట్. హాస్పిటల్లో ఆపరేషన్ నోట్స్ అడిగితే రికార్డ్ రూమ్‌లో లేవు, రేపు రండి, ఎల్లుండి రండి అని తిప్పారు. మావయ్య గారికి మెసేజ్ పెడితే 2002 నాటి మెడికల్ కౌన్సిల్ రూల్స్ ప్రకారం పేషెంట్ అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి, ఇన్‌పేషెంట్ రికార్డు మూడేళ్ళు దాచాలి, ఆ మాట రాసి తెల్లకాగితం మీద అర్జీ ఇచ్చి రెండో కాపీ మీద సంతకం తీసుకో అన్నారు. అలాగే చేశా, మర్నాడే కాపీ ఇచ్చారు. ఇలియం 30 సెంటీమీటర్లు, వాల్వ్ పోయింది, పెద్దపేగు కుడివైపుది. ఆ కాగితం పట్టుకుని డాక్టర్ గారి దగ్గరికెళ్ళి మీరు చెప్పినట్టే పైత్యరసం అయ్యుండొచ్చా అని అడిగా. మోషన్ టెస్ట్ చేయించి ఇన్ఫెక్షన్ లేదని తేలాక పొడి రాశారు.

పొడి రుచి ఇసుక తిన్నట్టుంది, నీళ్ళలో కరగదు, మజ్జిగలో కూడా కలిపి చూశా, అడుగున అలాగే ఉంటుంది, గరిటెతో తిప్పుతూ తాగాలి. కానీ పని చేసింది. ఇప్పుడు రోజుకి రెండు మూడు సార్లు, ముద్దగా. మంట లేదు. నిన్న కౌంటర్లో మధ్యాహ్నం దాకా లేవకుండా కూర్చున్నా. అమ్మ పప్పుచారు దాకా వచ్చింది, కోడిగుడ్డు ఇంకా చర్చల్లో ఉంది.

మందులషాపు_మావయ్య:
చాలా సంతోషం బాబూ. టీబీ మందులకీ ఆ పొడికీ మధ్య గ్యాప్ గురించి చెప్పారా? అది పైత్యాన్నే కాదు, పక్కన ఏ మందున్నా పట్టేసుకుంటుంది. మామూలుగా వేరే మందులు దానికి గంట ముందన్నా వేసుకోవాలి, లేదా నాలుగు నుంచి ఆరు గంటల తర్వాత. టీబీ మందు పరగడుపున వేసుకుంటావు కాబట్టి పొడి ఎప్పుడు వేసుకోవాలో టైముతో సహా రాయించుకో. మలబద్ధకం పట్టినా, పొట్ట ఉబ్బినా చెప్పు, డోసు తగ్గిస్తారు. చిన్న ఊళ్ళలో షాపుల్లో అది ఉంచరు, నాలుగైదు రోజుల ముందే ఆర్డర్ పెట్టించుకో.

గోదారిగట్టు:
గ్యాప్ చెప్పారు సార్, సాయంత్రం అన్నంతో వేసుకోమన్నారు. బిర్యానీ మాత్రం ఇంకా పడట్లేదు, ఆదివారం ధైర్యం చేస్తే సోమవారం మళ్ళీ పాత కథ.

డల్లాస్_దోసె:
ఆ కొవ్వంతా ఒకేసారి వద్దు బ్రో. చికెన్ కూర అన్నం తిను, బిర్యానీ వచ్చే ఏడాది. ఇంకోటి, వాల్వ్ పోయింది కాబట్టి పెద్దపేగు బ్యాక్టీరియా చిన్నపేగులోకి ఎక్కి ఉబ్బరం, కంపు గ్యాస్ రావచ్చు, నాకు అప్పుడప్పుడు దానికి యాంటీబయాటిక్ ఇస్తారు. పొడితో తగ్గింది మళ్ళీ పెరిగితే అది గుర్తుపెట్టుకో, నువ్వే పొడి డోసు పెంచుకోకు.

వాన_చినుకు:
అమ్మకి ఓఆర్‌ఎస్ లెక్క రాసిచ్చారు, ఉత్త నీళ్ళు రోజుకి అర లీటరే. మొదట్లో నీళ్ళు తాగనివ్వరేంటే అని నాతో మాట్లాడలేదు. ఇప్పుడు నాలుక తడిగా ఉంది, మెట్లెక్కి డాబా మీద మొక్కలకి నీళ్ళు పోసింది. గోంగూర సంగతి డాక్టర్ గారి చేతే చెప్పించా. ఆయనదీ నెల్లూరే, చెప్పేటప్పుడు ఆయన మొహం కూడా అదోలా పెట్టాడు.

కరీంనగర్_కాక:
నేను గూడ స్కోరు రాసిన. 34. ఫిజియో దగ్గరికి పోతున్న, ఆ పిల్ల నా మనుమరాలంత ఉన్నది, బిగబట్టు తాతా వదులు తాతా అంటది. ముందు సిగ్గయింది, ఇప్పుడు అలవాటైంది. రెండు గంటలది గంటకు దిగింది.

కొత్తసభ్యుడు_అనంతపురం:
నమస్తే. త్రెడ్ మొత్తం చదివినా. నాకూ పేగు తీసి ఆరేండ్లయింది, కాళ్ళు తిమ్మిర్లు ఉండాయి, మోషన్స్ పెద్దగా లేవు. ఆపరేషన్ నోట్స్ అడిగితే మూడేండ్లు దాటింది, లేవు పో అంటాండారు. ఎంత తీసినారో ఇంగ తెలిసే దోవ లేదా?

మందులషాపు_మావయ్య:
ఉంది. తీసిన ముక్కని బయాప్సీకి పంపి ఉంటారు కదా, ఆ రిపోర్టు ఇంట్లో వెతకండి. అందులో పైన గ్రాస్ అని ఒక పేరా ఉంటుంది, ముక్క పొడవు అక్కడ రాస్తారు. మందులో నానబెట్టడం వల్ల కొంచెం కుంచించుకుపోయి ఉంటుంది, కాబట్టి అసలు పొడవు అంతకంటే కాస్త ఎక్కువే అనుకోండి. ల్యాబ్ వేరేదైతే వాళ్ళ దగ్గర కాపీ ఉందేమో కూడా అడగండి. రిపోర్టు దొరికినా దొరక్కపోయినా బి12 మాత్రం ఈ వారమే ఇవ్వండి, తిమ్మిర్లని ముదరనివ్వకూడదు.

కొత్తసభ్యుడు_అనంతపురం:
రేషన్ కార్డు, పట్టాదారు పాస్‌బుక్కు పెట్టే ట్రంకులో ఉండాది. చిన్నపేగు 42 సెంటీమీటర్లు, సీకం అంటే పెద్దపేగు మొదటి ముక్క, దాంతోపాటే పెద్దపేగు 11 అని రాసినారు. పొద్దున ల్యాబ్ తెరవంగానే రక్తం ఇచ్చొస్తా.